కీబోర్డు మీద కనిపించని అక్షరాలు

విదేశీ భాష నేర్చుకుంటున్నవాళ్లు ఇప్పుడు మన మధ్య చాలామందే ఉన్నారు. జర్మనీ ఆసుపత్రుల్లో ఉద్యోగం కోసం జర్మన్ నేర్చుకుంటున్న నర్సులున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ అలాంటివాళ్లకు భాష నేర్పించి పంపుతోంది. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచి తీసుకున్న పిల్లలున్నారు. హైదరాబాదు ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో స్పానిష్ చదువుతున్నవాళ్లున్నారు. వీళ్లలో చాలామంది నోట్‌బుక్కులో చక్కగా రాస్తారు. అదే వాక్యాన్ని కంప్యూటర్లో కొట్టమంటే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. ఇంగ్లీషు 'యు' మీద రెండు చుక్కలు పెట్టాలి, కీబోర్డు మీద అలాంటి కీ లేదు. 'ఈ' మీద ఏటవాలుగా ఒక గీత గీయాలి, అదీ లేదు. కాసేపు వెతుకుతారు. దొరకదు. చుక్కలు వదిలేసి ముందుకు పోతారు.

అలా మొదటి వారంలో వదిలేసిన చుక్క చాలామందికి కోర్సు ముగిసేదాకా తిరిగి రాదు. చెయ్యి దేనికి అలవాటు పడితే కన్ను కూడా దానికే అలవాటు పడుతుంది. చుక్క లేకుండా వందసార్లు కొట్టిన మాట తప్పుగా ఉన్నట్టు ఇక అనిపించదు. అందుకే నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఈ అక్షరాలు టైపు చేయడం కంప్యూటరు మెకానిక్కుకు సంబంధించిన పని అనుకోకూడదు. అది భాషా పాఠంలోనే ఒక పాఠం, మొదటి వారంలో రావలసిన పాఠం. అది ఎలా చెప్పుకోవచ్చో ఈ పూట మాట్లాడుకుందాం. రేడియోలో అక్షరాలు చూపించలేను కాబట్టి ఏ కీ ఎక్కడుందో నోటితోనే చెబుతాను. దగ్గర్లో కాగితం, పెన్ను ఉంటే పెట్టుకోండి.

ముందు ఆ చుక్కలు అంత అవసరమా అనే ప్రశ్న తీర్చుకోవాలి. జర్మన్‌లో 'ఏ', 'ఓ', 'యు' అక్షరాల మీద రెండేసి చుక్కలు వస్తాయి. వాటిని ఉమ్‌లౌట్ అంటారు. చుక్కలు లేకుండా త్సాలెన్ అంటే డబ్బు కట్టడం. 'ఏ' మీద చుక్కలు పెడితే త్సేలెన్, అంటే లెక్కపెట్టడం. మాత్రలు లెక్కపెట్టానని రాయాల్సిన నర్సు చుక్కలు మరిచిపోతే మాత్రలు చెల్లించానని రాసినట్టవుతుంది. ముట్టర్ అంటే అమ్మ, 'యు' మీద చుక్కలు పెట్టి మ్యుట్టర్ అంటే అమ్మలు. అక్కడ బహువచనమంతా ఆ రెండు చుక్కల్లోనే ఉంది. తెలుగువాళ్లకు ఇది అర్థం చేసుకోవడం కష్టం కాకూడదు. దీర్ఘం తీసేస్తే పాలు కాస్తా పలు అవుతాయి. దీర్ఘాన్ని మనం అలంకారం అనుకోం కదా. జర్మన్‌వాళ్లకు ఆ చుక్కలూ అంతే.

జర్మన్‌లో ఇంకో అక్షరం ఉంది. చూడటానికి ఇంగ్లీషు పెద్ద 'బీ'లా కనిపిస్తుంది. పలికేది మాత్రం 'స' అని. దాని పేరు ఎస్‌సెట్. కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలాసార్లు దాని బదులు నిజంగానే 'బీ' కొట్టేస్తారు, అది అన్నిటికంటే పెద్ద తప్పు. 1996 నాటి వర్ణక్రమ సంస్కరణ ప్రకారం ముందున్న అచ్చు పొడవుగా పలికితే ఎస్‌సెట్, పొట్టిగా పలికితే రెండు 'ఎస్'లు. ఈ తేడా ఎంత పని చేస్తుందో చూడండి. ఇన్ మాసెన్ అని ఎస్‌సెట్‌తో రాస్తే మితంగా అని అర్థం. ఇన్ మసెన్ అని రెండు 'ఎస్'లతో రాస్తే కుప్పలు తెప్పలుగా అని. మద్యం మితంగా తాగమని రోగికి ఇచ్చే సలహాలో ఆ ఒక్క అక్షరం మారితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. స్విట్జర్లండ్‌లో ఎస్‌సెట్ వాడరు, అన్నిచోట్లా రెండు 'ఎస్'లే. కానీ మనవాళ్లు ఎక్కువగా వెళుతున్నది జర్మనీకి.

ఈ గుర్తులు ఎక్కడినుంచి వచ్చాయో తెలిస్తే గుర్తుపెట్టుకోవడం తేలికవుతుంది. పాతకాలపు జర్మన్ చేతిరాతలో 'ఏ', 'ఓ', 'యు' మీద చిన్న 'ఈ' అక్షరం రాసేవాళ్లు. ఆనాటి చేతిరాతలో 'ఈ' రెండు నిలువు గీతల్లా ఉండేది. రానురాను ఆ రెండు గీతలే రెండు చుక్కలయ్యాయి. అందుకే చుక్కలు దొరకనప్పుడు పక్కన 'ఈ' చేర్చి రాయడం జర్మన్‌లో చెల్లుతుంది. 'యు' మీద చుక్కలకు బదులు 'యు', 'ఈ' కలిపి రాస్తే ఎవరూ తప్పుపట్టరు. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరుసలుంటాయి కదా, అక్కడ జర్మన్ పేర్లు ఇలాగే ఉంటాయి. తిరుగు ప్రయాణం మాత్రం అన్నివేళలా కుదరదు. మహాకవి గోథే పేరులో 'ఓ', 'ఈ' విడివిడిగానే ఉంటాయి, వాటిని చుక్కలుగా మార్చకూడదు.

స్పానిష్‌లో 'ఎన్' మీద వంకర గీత ఉండే ఎన్యె కథ మనకింకా దగ్గరిది. పూర్వం లేఖకులు రెండు 'ఎన్'లు పక్కపక్కన రాయాల్సి వస్తే చోటు, శ్రమ కలిసివస్తాయని రెండోదాన్ని చిన్నదిగా చేసి మొదటిదాని నెత్తిన పెట్టారు. మనం రెండో 'న'ను వత్తుగా కింద పెడతాం, వాళ్లు పైన పెట్టారు. అదే క్రమంగా వంకర గీతగా మారింది. ఆ గీత లేకపోతే స్పానిష్‌లో సంవత్సరం అనే మాట నలుగురిలో పలకకూడని ఒక శరీర భాగం పేరైపోతుంది. నాకు ఇరవై ఏళ్లు అని చెప్పుకునే వాక్యం మొదటి నెలలోనే వస్తుంది, కాబట్టి ఈ హెచ్చరిక కూడా మొదటి నెలలోనే చేయాలి. ఫ్రెంచిలో 'ఓ' మీదా, 'ఈ' మీదా గొడుగులా ఒక గుర్తు వస్తుంది. చాలా మాటల్లో అది ఒకప్పుడు ఉండి జారిపోయిన 'ఎస్'కు ఆనవాలు. ఇంగ్లీషు హాస్పిటల్, ఫారెస్ట్ మాటల్లో 'ఎస్' నిలిచింది. ఫ్రెంచి ఒపితాల్, ఫొరే మాటల్లో గొడుగు మిగిలింది. ఇంగ్లీషు మాట తెలిసిన పిల్లవాడు ఆ గొడుగు ఎక్కడ వేయాలో చాలావరకు ఊహించగలడు.

మరి ఇంత ముఖ్యమైన అక్షరాలు మన కీబోర్డు మీద ఎందుకు లేవు? మన దగ్గర అమ్మే లాప్‌టాప్‌ల కీబోర్డు అమెరికా అమరిక. కంప్యూటర్లు అక్షరాలను సంఖ్యలుగా దాచుకుంటాయి. ఆ సంఖ్యల పట్టిక ఆస్కీ 1963లో అమెరికాలో తయారైంది. అందులో మొత్తం 128 గళ్లు. ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు, విరామ చిహ్నాలకు, యంత్రానికిచ్చే ఆజ్ఞలకు అవి చాలాయి. మిగతా ప్రపంచానికి చోటు లేదు. తర్వాత 1987లో లాటిన్-1 అనే ప్రమాణం 256 గళ్లతో వచ్చింది, పడమటి ఐరోపా భాషలు అందులో ఇమిడాయి. ఇమిడాయని అన్నారు గానీ ఫ్రెంచికి అన్యాయమే జరిగింది. 'ఓ', 'ఈ' అతుక్కుని ఒకే అక్షరంగా వచ్చే రూపం ఫ్రెంచిలో ఉంది. హృదయం, అక్కచెల్లెలు, గుడ్డు, ఇవన్నీ ఆ అక్షరంతోనే రాస్తారు. దానికి ఆ పట్టికలో గడి ఇవ్వలేదు. 1999లో యూరో గుర్తును చేర్చడానికి పట్టికను సవరించినప్పుడు గానీ అది లోపలికి రాలేదు. అన్ని లిపులకూ ఒకే పట్టిక అనే ఆలోచనతో యూనికోడ్ 1991లో మొదలైంది. తెలుగు మొదటి కూర్పులోనే ఉంది. అంటే ఇవాళ కంప్యూటరు లోపల ఏ అక్షరానికీ కొరత లేదు. మన వేళ్ల దగ్గరినుంచి ఆ గడి దాకా దారి వేసుకోవడమే మిగిలింది.

ఆ దారుల్లో అందరికీ మొదట ఎవరో ఒకరు చెప్పేది ఆల్ట్ సంఖ్యలు. ఆల్ట్ కీ నొక్కిపట్టి, కుడివైపు అంకెల దిమ్మ మీద 0252 కొట్టి వదిలితే 'యు' మీద చుక్కలు వస్తాయి. 0228 కొడితే 'ఏ' మీద, 0246 కొడితే 'ఓ' మీద. ఎస్‌సెట్‌కు 0223. ముందు సున్నా లేకుండా 129 కొట్టినా చుక్కల 'యు'యే వస్తుంది. అది 1981 నాటి ఐబీఎం పీసీలో వాడిన పాత పట్టికలోని సంఖ్య, విండోస్ దాన్ని ఇప్పటికీ మోస్తోంది. ఈ పద్ధతి పనిచేస్తుంది, కాదనను. కానీ నేర్చుకునేవాళ్లకు దీన్ని ఇవ్వవద్దని ఉపాధ్యాయులను బతిమాలుతాను. చిన్న లాప్‌టాప్‌లకు అంకెల దిమ్మే ఉండదు. పై వరుస అంకెలతో ఇది పనిచేయదు. అన్నిటికంటే ముఖ్యం, అక్షరం రాయాల్సిన క్షణంలో మనసు అంకెలు వెతుక్కుంటుంది. కొత్త భాషలో వాక్యం కూర్చుకోవడమే కష్టంగా ఉన్నవాళ్ల మీద ఈ అదనపు బరువు దేనికి?

వేరే ఫైల్లోంచి అక్షరాన్ని కాపీ చేసి అతికించడం ఇంకా అధ్వానం. అత్యవసరానికి సరే, అలవాటుగా వద్దు. కాపీ చేసిన అక్షరాన్ని వేళ్లు గుర్తుపెట్టుకోవు.

విండోస్ కంప్యూటరున్న విద్యార్థికి నేను మొదట సూచించేది యునైటెడ్ స్టేట్స్ ఇంటర్నేషనల్ అనే కీబోర్డు. కొత్తగా ఏమీ కొనక్కర్లేదు, అది విండోస్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి, ఇంగ్లీషు పక్కనున్న లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, యాడ్ ఎ కీబోర్డ్ అంటే జాబితా వస్తుంది. అందులోంచి ఎంచుకోవాలి. ఆ తర్వాత విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే మామూలు కీబోర్డు నుంచి దీనికి, దీన్నుంచి దానికి మారవచ్చు. చదువుకు ఒకటి, మిగతా పనికి ఒకటి.

ఇది పనిచేసే తీరు పాత టైప్‌రైటర్ల నుంచి వచ్చింది. ఫ్రాన్సులోనూ స్పెయిన్లోనూ టైప్‌రైటరు మీద కొన్ని కీలు నొక్కితే గుర్తు పడేది గానీ కాగితం ముందుకు జరిగేది కాదు. తర్వాత నొక్కిన అక్షరం ఆ గుర్తు కిందే పడేది. కాగితాన్ని కదిలించవు కాబట్టి వాటిని డెడ్ కీలు అన్నారు. ఇక్కడా అదే పద్ధతి. ఎంటర్ కీకి ఎడమపక్కన కోట్స్ కీ ఉంటుంది. దాన్ని నొక్కితే తెర మీద ఏమీ కనిపించదు. కంగారు పడకండి. తర్వాత 'ఈ' నొక్కితే దాని మీద ఏటవాలు గీతతో వస్తుంది. అదే కీని షిఫ్ట్‌తో నొక్కి, తర్వాత 'యు' నొక్కితే రెండు చుక్కలతో వస్తుంది. జంట కోట్స్‌కీ జంట చుక్కలకీ పోలిక ఉంది కాబట్టి గుర్తుండిపోతుంది. ఎడమ చివర ఎస్కేప్ కింద ఉండే కీతో వెనక్కి వాలిన గీత వస్తుంది. అదే కీకి షిఫ్ట్ చేర్చి 'ఎన్' కొడితే ఎన్యె. షిఫ్ట్‌తో 6 నొక్కి అచ్చు కొడితే గొడుగు. కోట్స్ తర్వాత 'సి' కొడితే కింద చిన్న తోకతో ఫ్రెంచి సెదియ్. ఎస్‌సెట్ కోసం కుడివైపు ఆల్ట్ పట్టుకుని 'ఎస్' నొక్కాలి. ఆ ఆల్ట్ పట్టుకునే ప్రశ్నార్థకం కీ నొక్కితే స్పానిష్ వాక్యం మొదట్లో వచ్చే తలకిందుల ప్రశ్నార్థకం పడుతుంది. తలకిందుల ఆశ్చర్యార్థకానికి అదే ఆల్ట్‌తో అంకె 1.

దీనికి ఒక ఇబ్బంది ఉంది, ముందే చెప్పకపోతే విద్యార్థులు రెండో రోజే దీన్ని తీసేస్తారు. మామూలు కోట్స్ కావాలన్నా ఇప్పుడు అది వెంటనే పడదు. కోట్స్ నొక్కి స్పేస్ నొక్కాలి. ఇంగ్లీషు ఉత్తరం రాసేటప్పుడు కోట్స్ తర్వాత అచ్చు వస్తే రెండూ కలిసి గీత అక్షరమైపోతుంది. అందుకే రెండు కీబోర్డులూ ఉంచుకుని మార్చుకోమంటున్నాను.

మ్యాక్ ఉన్నవాళ్ల పని సులువు. అక్షరాన్ని నొక్కిపట్టుకుంటే దాని రూపాలన్నీ చిన్న వరుసగా వస్తాయి, కావలసినది ఎంచుకోవచ్చు. వేగం కావాలంటే ఆప్షన్ పట్టుకుని 'యు' నొక్కి, ఆ తర్వాత అచ్చు కొడితే చుక్కలు. ఆప్షన్, 'ఈ', తర్వాత అచ్చు అంటే ఏటవాలు గీత. ఆప్షన్‌తో 'ఎస్' ఎస్‌సెట్. లాటిన్-1లో చోటు దొరకని ఆ ఫ్రెంచి జంట అక్షరానికి ఆప్షన్‌తో 'క్యూ'. విండోస్ ఇంటర్నేషనల్ కీబోర్డులో ఇప్పటికీ దానికి కీ లేదు, అక్కడ ఆల్ట్ 0156 తప్పదు. లినక్స్‌లో కంపోజ్ కీ అని ఒకదాన్ని సెట్టింగ్స్‌లో పెట్టుకోవచ్చు. అది నొక్కి, 'ఎస్', 'ఎస్' అంటే ఎస్‌సెట్. జంట కోట్స్, 'యు' అంటే చుక్కల 'యు'. రూపాన్ని చూసి ఊహించగలిగే పద్ధతి అది, నాకు అన్నిటికంటే ముద్దొచ్చేదీ అదే.

ఫోన్లో అక్షరాన్ని కాసేపు నొక్కిపడితే చాలు. కాకపోతే ఫోన్ మనం వదిలేసిన చుక్కల్ని తనే పెట్టేస్తుంది. సందేశం పంపడానికి అది మంచిదే. అభ్యాసం రాసేటప్పుడు మాత్రం ఆటోకరెక్ట్ ఆపేయండి. లేకపోతే జర్మన్ నేర్చుకుంటున్నది ఫోనా మీరా అన్నది తేలదు.

కాలేజీ ల్యాబులోనో ఇంటర్నెట్ సెంటర్‌లోనో కూర్చున్నప్పుడు సెట్టింగ్స్ మార్చే అధికారం ఉండకపోవచ్చు. అక్కడ వర్డ్ ఉంటే దాని సొంత దారులు పనికొస్తాయి. కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని కోలన్ నొక్కి వదిలి, తర్వాత 'యు' కొడితే చుక్కలొస్తాయి. కంట్రోల్, కోట్స్, తర్వాత 'ఈ' అంటే గీత. కంట్రోల్, కామా, తర్వాత 'సి' అంటే తోక. ఇవి వర్డ్ దాటితే పనిచేయవు. ఏదీ కుదరకపోతే జర్మన్ రాసేవాళ్లు 'ఈ' చేర్చి రాసుకోవచ్చు. ఫ్రెంచికి, స్పానిష్‌కు అలాంటి ప్రత్యామ్నాయం లేదు. పెద్ద అక్షరాలకు గీతలు అక్కర్లేదని ఫ్రెంచి విద్యార్థులకు కొందరు చెబుతుంటారు. అది టైప్‌రైటరు ఇబ్బందుల నుంచి పుట్టిన అలవాటే. పెద్ద అక్షరం మీద గీతకూ పూర్తి విలువ ఉందని ఫ్రెంచి అకాడమీ స్పష్టంగానే చెబుతుంది.

ఆ దేశాల్లో కీబోర్డులు ఎలా ఉంటాయో కూడా కొంత తెలిసి ఉండటం మంచిది. ఫ్రాన్సులో పై వరుసలో అంకెలు షిఫ్ట్‌తో పడతాయి, మామూలుగా నొక్కితే గీతల అక్షరాలు పడతాయి. 2 దగ్గర ఏటవాలు గీత 'ఈ', 7 దగ్గర వెనక్కి వాలినది, 9 దగ్గర తోక 'సి', సున్నా దగ్గర గీత 'ఏ'. ఎక్కడ అని అర్థం వచ్చే ఊ అనే ఒకే ఒక్క మాట కోసం గీత 'యు'కు ఏకంగా ఒక కీ కేటాయించారు. ఫుల్‌స్టాప్‌కు మాత్రం షిఫ్ట్ నొక్కాలి. ఇన్ని వింతలున్నాయనే 2019లో ఫ్రాన్సు ప్రమాణాల సంస్థ ఆఫ్నోర్ కొత్త అమరిక ప్రకటించింది. గీతలున్న పెద్ద అక్షరాలకు, జంట అక్షరానికి అందులో చోటిచ్చారు. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న మన యానాంలో ఆ భాష ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. అక్కడి పాత కాగితాలు, పేర్లు కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లకు కూడా ఈ గీతలతో పని పడుతుంది.

స్పెయిన్ అయితే ఒక్క అక్షరం కోసం నిలబడింది. ఎన్యె లేని కీబోర్డులు తమ దేశంలో అమ్మకూడదని అక్కడ నిబంధన ఉండేది. అది స్వేచ్ఛా వాణిజ్యానికి అడ్డమని 1991లో యూరోపియన్ కమ్యూనిటీ అభ్యంతరం పెట్టింది. రచయితలు మండిపడ్డారు. గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ కూడా ఆ అక్షరం పక్షాన మాట్లాడాడు. చివరికి 1993లో స్పెయిన్ ప్రభుత్వం మాస్ట్రిక్ట్ ఒప్పందంలోని సంస్కృతి మినహాయింపును ఆధారం చేసుకుని ఎన్యెను నిలబెట్టుకుంది. ఈ కథ స్పానిష్ క్లాసులో చెప్పండి. విద్యార్థులు ఆ వంకర గీతను ఇక తేలిగ్గా వదిలేయరు.

జర్మనీ వెళ్లబోయే నర్సులు వెళ్లకముందే అక్కడి కీబోర్డు అమరిక అలవాటు చేసుకోవాలి. రోగి వివరాలు కంప్యూటర్లోనే రాయాలి, అక్కడ మన కీబోర్డు దొరకదు. చుక్కల 'ఓ', చుక్కల 'ఏ' రెండూ 'ఎల్'కు కుడిపక్కన వరుసగా ఉంటాయి. చుక్కల 'యు' 'పీ' పక్కన, ఎస్‌సెట్ సున్నా పక్కన. వీటితో సుఖమే. తికమక పెట్టేది 'వై', 'జెడ్' కీలు, వాటి స్థానాలు తారుమారై ఉంటాయి. జర్మన్‌లో 'జెడ్' ఎక్కువ, 'వై' అరుదు కాబట్టి అలా పెట్టారు. పాస్‌వర్డులో ఆ అక్షరాల్లో ఏదైనా ఉంటే మూడుసార్లు కొట్టినా లోపలికి పోనివ్వదు, తెర మీద చుక్కలే కనిపిస్తాయి కాబట్టి కారణమూ తెలియదు. ఈమెయిల్లో వచ్చే 'ఎట్' గుర్తుకు కుడి ఆల్ట్ పట్టుకుని 'క్యూ'. కంట్రోల్ కీ మీద దాని జర్మన్ పేరుకు పొడి అక్షరాలుంటాయి. మన లాప్‌టాప్‌లోనే జర్మన్ కీబోర్డును చేర్చుకుని, ఆ అమరిక బొమ్మను కాగితం మీద గీసి ముందు పెట్టుకుని రోజూ కాసేపు కొడితే, విమానం ఎక్కేసరికి వేళ్లకు దారి తెలిసిపోతుంది. మన ఊళ్లలో టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయరు, హయ్యరు పాసైనవాళ్లకు ఈ సాధన కొత్త కాదు.

ఇప్పుడు ఉపాధ్యాయులతో ఒక మాట. కంప్యూటరే దిద్దే పరీక్షలు మీరు తయారుచేస్తుంటే ఒక చిక్కు గమనించండి. గీత ఉన్న 'ఈ' యూనికోడ్‌లో రెండు విధాలుగా ఉండవచ్చు. మొత్తం కలిపి ఒకే సంఖ్యగా ఉండవచ్చు, లేదా 'ఈ'కి ఒకటి, గీతకు ఒకటి చొప్పున రెండు సంఖ్యలుగా ఉండవచ్చు. కంటికి ఒకేలా కనిపిస్తాయి. యంత్రం మాత్రం వేరంటుంది. విద్యార్థి సరిగ్గా రాసిన జవాబుకు ఎర్ర గుర్తు పడుతుంది, ఎందుకు పడిందో వాడికి ఎంత చూసినా బోధపడదు. పోల్చేముందు రెంటినీ ఒకే రూపానికి తెచ్చే ఏర్పాటు పరీక్ష సాఫ్ట్‌వేర్‌లో ఉందో లేదో అడిగి తెలుసుకోండి. ఇలాంటి జంట రూపం మన తెలుగులోనూ ఉంది, ఐత్వం ఒక్కదానికే. అది ఒకే గుర్తుగానూ ఉండవచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు విడివిడిగానూ ఉండవచ్చు. తెలుగు పదాలు వెతికే పరికరాలు చేసేవాళ్లు దీన్ని మరవకూడదు.

మార్కుల విషయంలో నా అభిప్రాయం ఇది. మొదటి నెల చుక్క మరిచిపోతే సరైన రూపం పక్కన రాసి చూపించండి, మార్కు తీయకండి. ఆ తర్వాత తీయండి. కానీ టైపు చేసే దారి మీరే నేర్పించి ఉంటేనే తీసే హక్కు మీకుంటుంది. జర్మన్‌లో 'ఈ' చేర్చి రాసినదాన్ని ఎప్పుడూ ఒప్పుకోండి.

పరాయి దేశాల్లో తెలుగు నేర్చుకునే పిల్లల ఇబ్బంది కూడా ఇలాంటిదే. అమెరికాలో వారాంతపు తెలుగు బడులకు వెళ్లే మన పిల్లలు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించే పద్ధతి వాడతారు. 1990ల్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువాళ్లు రూపొందించిన ఆర్‌టీఎస్ నుంచి లేఖిని వెబ్‌సైటు దాకా ఆ దారే. వియత్నాంవాళ్లు కూడా టెలెక్స్ అనే పద్ధతిలో మామూలు కీలతోనే తమ గీతలు, కొక్కేలు అన్నీ రప్పించుకుంటారు. తొలిమెట్టుగా ఇది మంచిదే. కానీ 'ల'కీ 'ళ'కీ తేడా ఆ పిల్లలకు చిన్న 'ఎల్', పెద్ద 'ఎల్'గా మిగిలిపోతుంది. కాస్త చేయి తిరిగాక ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక చూపించాలని నా కోరిక. అందులో అచ్చులన్నీ ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి. 'క' ఉన్న కీకే షిఫ్ట్ చేరిస్తే 'ఖ', 'త' కీకే షిఫ్ట్ చేరిస్తే 'థ'. వర్ణమాల క్రమమంతా వేళ్లకు తెలిసిపోతుంది. తెలుగు లిపి ఇంకా రాని విదేశీ విద్యార్థులు తెలుగు మాటల్ని రోమన్ లిపిలో రాసుకుంటారు. ఏ, ఓ దీర్ఘాలు రాసేటప్పుడు వాళ్లు ఇంగ్లీషు 'ఈ', 'ఓ'ల మీద అడ్డగీత తప్పకుండా పెట్టాలి. సంస్కృతంలో ఆ అచ్చులకు పొట్టి రూపాలు లేవు కాబట్టి సంస్కృత పద్ధతిలో గీత అక్కర్లేదు, తెలుగులో ఎ, ఏ రెండూ ఉన్నాయి. మ్యాక్‌లో ఏబీసీ ఎక్స్‌టెండెడ్ అనే కీబోర్డు పెట్టుకుంటే ఆప్షన్‌తో ఇంగ్లీషు 'ఏ' నొక్కి, తర్వాత అచ్చు కొడితే అడ్డగీత వస్తుంది. ఆప్షన్‌తో 'ఎక్స్' నొక్కి 'టీ' కొడితే 'ట' కోసం కింద చుక్క వస్తుంది.

జర్మన్ మొదలుపెట్టిన నర్సులకు సాధన కోసం కొన్ని మాటలు చెప్పి ముగిస్తాను. ఎర్త్స్‌టిన్, డాక్టరమ్మ, మొదట్లోనే చుక్కల పెద్ద 'ఏ'. యూబెల్‌కైట్, వికారం, చుక్కల పెద్ద 'యు'. ర్యుకెన్, వీపు. మ్యూడె, అలసిన. ఫ్ర్యూష్ట్యుక్, ఉదయపు ఫలహారం, ఇందులో చుక్కల 'యు' రెండుసార్లు వస్తుంది. ఫూస్, పాదం, చివర ఎస్‌సెట్. గ్ర్యోసె, రోగి ఎత్తు రాసే గడి పేరు, చుక్కల 'ఓ' కూడా ఉంది, ఎస్‌సెట్ కూడా ఉంది. వాక్యాల జోలికి పోకుండా మొదటి వారమంతా ఇవే కొట్టండి. పైకి పలుకుతూ కొట్టండి.